గ్లాసుకు పట్టిన చెమట, మహేంద్రగిరికి చుట్టుకున్న మబ్బు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: మబ్బు అంటే ఏమిటో పిల్లలకు ఎలా చెప్పాలి. నాలుగూ ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు రాసినవే. మొదటి దానికి జవాబు పెద్దదయింది. అందుకు కారణం ఆ ఉత్తరం చివర ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న.

ప్రశ్న: గజపతి జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో నేను తెలుగు పిల్లలకు చదువు చెబుతున్నాను. ఒకటి నుంచి మూడో తరగతి వరకు అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. మేఘాలు ఎలా ఏర్పడతాయో చెప్పడానికి జలచక్రం బొమ్మ గీసి బాణాలు వేశాను. పిల్లలు బాణాలను వల్లించారు గాని విషయం వాళ్ళకు పట్టలేదు. మరునాడు ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసా బల్ల మీద పెట్టి, దాని మీద పడుతున్న బొట్లు గాలిలోని ఆవిరి నుంచి వచ్చాయని చెప్పాను. “సీసా కారిపోతున్నాది మేడం” అని అందరూ ఒకే మాట అన్నారు. ఒక పిల్లవాడు లేచి, “మా ఇంట్లో కుండకి కూడా అలాగే పడతాది, అది లోపలి నీరే కదా” అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఏమి చెప్పి ఉండవలసింది?
— ఒక ఉపాధ్యాయిని, కాశీనగర్ ప్రాంతం

జవాబు: అమ్మా, ముందుగా ఆ పిల్లవాణ్ణి అందరి ముందు మెచ్చుకోండి, ఎందుకంటే కుండ విషయంలో అతడు చెప్పింది అక్షరాలా నిజం. కాల్చిన మట్టికుండ గోడలో కంటికి ఆనని సన్నని రంధ్రాలు ఉంటాయి. లోపలి నీరు వాటి గుండా బయటికి ఊరుతుంది, ఊరిన తడి గాలికి ఆరిపోతూ కుండలోని వేడిని తనతో తీసుకుపోతుంది, కుండనీళ్ళు చల్లగా ఉండేది అందువల్లనే. నడవలేని వయసు నుంచి వంటింటి మూల ఇసుక మీద తడితడిగా ఉన్న కుండను చూస్తూ పెరిగిన పిల్లలు చల్లని సీసా మీద బొట్లు చూడగానే అదే లెక్క వేశారు. వాళ్ళ ఆలోచనలో లోపం లేదు, వాళ్ళు ఇంకా చూడవలసినది కొంత మిగిలి ఉంది, అంతే. “కాదు, గాలిలోంచి వచ్చింది” అని మీరు గట్టిగా చెబితే మీ మీద గౌరవం కొద్దీ తలలు ఊపుతారు గాని, లోపల మాత్రం సీసా కారుతూనే ఉంటుంది.

అందుచేత ఆ ప్రశ్ననే పాఠంగా మార్చండి. ఒక కొత్త మట్టి ముంతలో మామూలు నీళ్ళు, ఒక స్టీలు గ్లాసులో మామూలు నీళ్ళు, అదే రకం ఇంకొక స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు వేసిన నీళ్ళు పోసి మూడింటినీ పొడి పలక మీద వరుసగా పెట్టి మూతలు వేయండి. ఊళ్ళో ఫ్రిజ్ దొరకకపోతే చేపల సంతలో ఐసు దొరుకుతుంది. సుమారు పావుగంటలో ఐసు గ్లాసు మీద మొదట ఊదినట్టు మసక కమ్ముతుంది, ఆ మసకలో గసగసాలంత చుక్కలు లేస్తాయి, పక్కపక్క చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసి బరువెక్కి, ఒక బొట్టు గీత గీసుకుంటూ కిందికి జారుతుంది, అది జారిన దారిలో గ్లాసు మళ్ళీ తళతళలాడుతుంది. ఈ వరుసను పిల్లలు ముక్కు ఆనించేటంత దగ్గరగా చూడాలి, తొందర పెట్టకండి. మామూలు నీళ్ళ స్టీలు గ్లాసు ఈలోగా పొడిగానే ఉంటుంది. స్టీలు కారేదే అయితే రెండు గ్లాసులూ కారాలి గదా అని మీరు అడగనక్కరలేదు, ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ముంత మాత్రం ఐసు లేకుండానే మెల్లగా తడి ఊరుతుంది. మూడింటినీ పక్కపక్కన చూసినప్పుడు, కుండ తడి వేరు, గ్లాసు తడి వేరు అన్న సంగతి తేలిపోతుంది.

ఐసు నీళ్ళలో బీట్‌రూట్ ముక్క వేసి ఎర్రరంగు తేవడం, బయటి బొట్లను తెల్లగుడ్డతో తుడిచి రంగు లేదని చూపడం చాలామంది చేసే పని. అది మంచిదే. అయితే గడుసు పిల్ల ఒకతె, “రంగు లోపలే ఉండిపోయి నీళ్ళు ఒక్కటే వచ్చాయేమో” అంటుంది. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో నాతో ఒక పాప సరిగ్గా ఇలాగే అంది, టీ వడపోత సంగతి కూడా గుర్తు చేసింది. దానికి జవాబు తూకం. కిరాణా కొట్టులోని ఎలక్ట్రానిక్ కాటా మీద ఒక పళ్ళెం, పళ్ళెంలో మూత పెట్టిన ఐసు గ్లాసు ఉంచి అంకె రాసుకోండి, అరగంట తర్వాత మళ్ళీ చూడండి. కారిన నీరు కూడా పళ్ళెంలోనే ఉంది కాబట్టి, నీరు లోపలి నుంచి వచ్చినదైతే అంకె మారకూడదు. అది కొన్ని గ్రాములు పెరుగుతుంది. బయటి నుంచి ఏదో వచ్చి చేరకపోతే బరువు ఎలా పెరుగుతుంది? ఆ “ఏదో”, గది గాలిలో కనిపించకుండా ఉన్న నీరు. గ్రాము తేడా చూపే కాటా కావాలి, కూరగాయల బండి తక్కెడతో ఇది కాదు.

ఇంతకీ గాలిలో అంత నీరు ఉంటుందా? 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న మీ గదిలో 90 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. వర్షాకాలంలో ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, తేమ 70 శాతం ఉన్న రోజున ఒక్కొక్క ఘనపు మీటరు గాలిలో సుమారు 21 గ్రాముల నీరు ఆవిరి రూపంలో ఉంటుంది. మొత్తం కలిపితే దాదాపు రెండు లీటర్లు. పిల్లలకు ఈ లెక్క చెప్పనవసరం లేదు, రెండు లీటర్ల సీసా నిండా నీళ్ళు తెచ్చి గది మధ్యలో పెట్టి, “ఇన్ని నీళ్ళు ఇప్పుడు మన చుట్టూ గాలిలో ఉన్నాయి” అంటే చాలు. అవి గాలిలోకి ఎలా వెళ్ళాయో చూపడానికి పలక కన్నా మంచి సాధనం లేదు. తడిగుడ్డతో పలక తుడవగానే అంచుల నుంచి లోపలికి తడి ముడుచుకుంటూ పోవడం ప్రతి పిల్లా రోజూ చూస్తున్నదే. నీరు ఆవిరి కావడానికి మరగాలనీ, ఎండకు సముద్రం ఉడుకుతుందనీ అనుకునే పిల్లలకు ఆ పలకే సమాధానం. అన్నట్టు, చలికాలంలో పొడిగాలి వీచే మధ్యాహ్నం ఈ గ్లాసు ప్రయోగం పెడితే బొట్లు పట్టడానికి చాలాసేపు పట్టవచ్చు. వాన ముసురు రోజున ఒకసారి, పుష్యమాసపు మధ్యాహ్నం ఒకసారి చేసి రెండూ పోల్చి చూడనివ్వండి.

ఇక మబ్బు దగ్గరికి వద్దాం. ఇక్కడ పెద్దవాళ్ళకే ఒక పొరపాటు ఉంది. టీ గిన్నె మీద లేచే తెల్లని దాన్ని మనం ఆవిరి అంటాం. నిజమైన ఆవిరి కంటికి కనబడదు. ముక్కు ఉన్న కెటిల్‌లో నీళ్ళు మరిగించి, పిల్లలను రెండు బారల దూరంలో కూర్చోబెట్టి చూపండి. ముక్కు చివరకూ తెల్లని పొగ మొదలయ్యే చోటికీ మధ్య వేలెడు ఖాళీ ఉంటుంది. ఆవిరి ఉన్నది ఆ ఖాళీలో. తెల్లగా కనిపిస్తున్నది అప్పటికే చల్లబడి తిరిగి నీరైన సన్నని బొట్ల గుంపు, మబ్బు కూడా అదే. ఆవిరి తగిలితే కాలుతుంది కాబట్టి ఈ పని మీరే చేయాలి. ఇడ్లీపాత్ర మూత తిప్పి, దాని లోపలి బొట్లు చూపడం మటుకు ఇంట్లో అమ్మలకు అప్పగించవచ్చు.

గ్లాసును ఐసు చల్లబరిచింది, మరి ఆకాశంలో గాలిని ఎవరు చల్లబరుస్తారు అన్న ప్రశ్న మూడో తరగతి పిల్లలు అడగవచ్చు. పైన ఐసు దిమ్మె ఏదో ఉందని చాలామంది ఊహిస్తారు. వేడి నీళ్ళ గాజుజాడీ మీద ఐసు పళ్ళెం పెట్టి మబ్బు చేసే ప్రయోగం కూడా, చూడడానికి బాగున్నా, ఆ ఊహనే బలపరుస్తుంది. నిజానికి గాలి పైకి పోయేకొద్దీ దాని మీద ఒత్తిడి తగ్గి, అది వ్యాకోచించి, తనంతట తానే చల్లబడుతుంది. కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున తగ్గుతుంది. సైకిలు ట్యూబు వాల్వు నొక్కి వదిలిన గాలి వేలికి చల్లగా తగలడం పిల్లలకు తెలిసిన సంగతే. నోరు బిగించి ఊదిన ఊపిరి చల్లగా ఉంటుందని మాత్రం ఉదాహరణ ఇవ్వకండి, అక్కడ ముఖ్యంగా జరిగేది చుట్టుపక్కల గాలి వచ్చి కలవడమే.

మీ ప్రాంతంలో దీనికి చక్కని సాక్ష్యం మహేంద్రగిరి. దాని ఎత్తు సుమారు 1,500 మీటర్లు. సముద్రం మీది తడిగాలి వచ్చి కొండకు తగిలి, వెళ్ళడానికి వేరే దారి లేక వాలు పట్టుకుని పైకి ఎక్కుతుంది. కింద 30 డిగ్రీలు ఉండి, ఆ గాలిలోని ఆవిరి 24 డిగ్రీల దగ్గర బొట్లు కట్టేటట్టు ఉంటే, సుమారు 750 మీటర్ల ఎత్తున, అంటే కొండకు సగం ఎత్తున, మబ్బు మొదలవుతుంది (గాలి వ్యాకోచించేకొద్దీ బొట్లు కట్టే డిగ్రీ కూడా కాస్త దిగుతుంది కాబట్టి 600 దగ్గర కాదు). తొలకరి రోజుల్లో కొండ నడుముకు తెల్ల పంచె చుట్టినట్టు, పంచె అంచు ఒకే మట్టంగా కనిపించడం మీరు చూసే ఉంటారు. ఆ మట్టమే ఐసు గ్లాసు మీద మసక కమ్మిన క్షణం. ఆవిరి తిరిగి నీరు కావడానికి పేరైన సాంద్రీకరణం అన్న మాటను ఇదంతా చూశాక, మూడో తరగతి వాళ్ళకు మాత్రం చెప్పండి. జలచక్రం బొమ్మను ఆ తర్వాత వాళ్ళ చేతనే గీయించండి.

ప్రశ్న: రాయగడలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. అయిదేళ్ళ మనవడు, “మబ్బు పొగేనా అమ్మమ్మా, పొయ్యి పొగలన్నీ వెళ్ళి మబ్బయిపోతాయా?” అని అడిగాడు. నేను అవునన్నాను. అల్లుడుగారు నవ్వి, మబ్బు నీరే గాని పొగ కాదన్నారు. వాడి ముందు చిన్నబోయాను. నేను చెప్పింది పూర్తిగా తప్పేనా?
— ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, పూర్తిగా తప్పు కాదు, మీ అల్లుడుగారు కూడా సగమే చెప్పారు. మబ్బు నీటి బొట్లే, అయితే గాలిలో పొగ, ధూళి, సముద్రపు ఉప్పు రేణువులు బొత్తిగా లేకపోతే ఆ బొట్లు పుట్టడం మహా కష్టం. ఆవిరి నీరుగా మారేటప్పుడు కూర్చోవడానికి ఒక పీట కావాలి. గ్లాసు మీద అయితే గ్లాసు గోడే పీట. ఆకాశంలో గోడ లేదు కాబట్టి, కంటికి కనబడని ఆ రేణువులే పీటలవుతాయి. 1875లో ఫ్రాన్సులో కూలియే అనే శాస్త్రవేత్త, తర్వాత కొద్దికాలానికే స్కాట్లాండులో జాన్ ఐట్కెన్ అనే మరో శాస్త్రవేత్త, వడగట్టిన శుభ్రమైన గాలిలో మబ్బు కట్టదనీ, మామూలు గాలి కాస్త వదలగానే కడుతుందనీ గాజుపాత్రల్లో చేసి చూపారు.

మీరూ చేసి చూపవచ్చు. రెండు లీటర్ల మెత్తని ప్లాస్టిక్ సీసాలో రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళు పోసి, మూత బిగించి, బాగా కుదిపి, రెండు చేతులతో గట్టిగా నొక్కి ఒక్కసారిగా వదలండి. పెద్దగా ఏమీ కనబడదు. ఇప్పుడు మూత తీసి, అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల పొగనో, మీ పూజగదిలోని అగరుబత్తి పొగనో కొంచెం లోపలికి పోనిచ్చి, మూత బిగించి మళ్ళీ నొక్కి వదలండి. వదిలినప్పుడు సీసా లోపల తెల్లగా మబ్బు కడుతుంది, నొక్కినప్పుడు మాయమవుతుంది. పొగే అయితే నొక్కినప్పుడు ఎక్కడికి పోయినట్టు? నల్ల గుడ్డ ముందు పట్టుకుంటే బాగా కనిపిస్తుంది. అగ్గిపుల్ల మీ చేతిలోనే ఉండాలి, సీసా నొక్కే పని వాడిది. ఈ ప్రదర్శనకు అల్లుడుగారిని కూడా పిలవండి.

ప్రశ్న: జయపురంలో మా పాప చదివే బడిలో గాజుగ్లాసు నీళ్ళ మీద గడ్డం గీసుకునే నురగ వేసి, దాని మీద నీలిరంగు చుక్కలు పోసి, అవి నురగ దాటి కిందికి దిగడాన్ని వాన అని చూపించారట. ఇంట్లో మళ్ళీ చేయమంటోంది. చేయవచ్చా?
— ఒక తండ్రి

జవాబు: ముచ్చటకైతే చేయండి, మబ్బు పాఠంగా వద్దు. మబ్బు నీళ్ళు నింపుకున్న దూది సంచి అనీ, నిండితే కారుతుందనీ పాప మనసులో ముద్ర పడిపోతుంది. మబ్బు నీటిని మోసేది కాదు, మబ్బే నీరు. దానిలోని ఒక్కొక్క బొట్టు సుమారు 0.02 మిల్లీమీటర్లు ఉంటుంది. వాన చినుకు 2 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, అడ్డంగా నూరు రెట్లు, పరిమాణంలో పది లక్షల రెట్లు. పది లక్షల మబ్బు బొట్లు కలిస్తే ఒక్క చినుకు. గ్లాసు మీద చుక్కలు కలిసి జారడం చూపిస్తే వానకు సంబంధించిన అసలు విషయం అందులోనే ఉంది, పైగా నురగ ఖర్చు లేదు.

మబ్బు బరువు ఎంత, అది ఎందుకు పడదు అని పాప అడిగితే ఇదీ జవాబు. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క కిలోమీటరు చొప్పున ఉన్న దూదికుప్పలాంటి మబ్బులో సుమారు 500 టన్నుల నీరు ఉంటుంది, పది టన్నుల లారీలు యాభై అన్నమాట. అది పడుతూనే ఉంటుంది గాని, అంత చిన్న బొట్టు సెకనుకు ఒక సెంటీమీటరు మాత్రమే దిగగలదు, కిలోమీటరు దిగడానికి ఒక రోజుకు పైగా పడుతుంది. ఈలోగా కిందినుంచి లేచే గాలి దాన్ని మళ్ళీ పైకి నెడుతుంది, లేదా పొడిగాలి తగిలి ఆవిరైపోతుంది. కిటికీలోంచి పడే ఎండలో తేలే దుమ్మును చూపించండి, చాలు.

ప్రశ్న: కోరాపుట్ జిల్లా సెమిలిగుడ దగ్గర ఉంటాం. డిసెంబరు ఉదయాలలో బడికి వెళ్ళే దారి కనబడదు. మా అమ్మాయి “మబ్బు కిందికి దిగింది” అంటుంది. అది మంచు అని నేను సరిదిద్దుతాను. గడ్డి మీది బొట్లను చూపి “ఇదీ మంచేనా, టీవీలో హిమాలయాల మీద ఉన్నదీ మంచేనా” అని నిలదీస్తోంది. ఒడియా బడిలో చదువుతోంది. ఏది సరైన మాట?
— ఒక తల్లి

జవాబు: మీ అమ్మాయి మొదట అన్నదే సరి. నేల మీద ఏర్పడిన మబ్బే పొగమంచు. అక్కడ గాలి పైకి ఎక్కలేదు, రాత్రి నేల చల్లబడి తనను ఆనుకున్న గాలిని చల్లబరిచింది, తేడా అంతే. చిక్కు మన భాషలో ఉంది. దారి మూసే దాన్నీ, గడ్డి మీది తడినీ, హిమాలయాల తెల్లదనాన్నీ మనం ఒక్క మంచులోనే ఇరికిస్తాం. ఒడియాలో పొగమంచు కుహుడి, గడ్డి మీది బొట్టు కాకర, గడ్డకట్టినది బరఫ్. మీ అమ్మాయికి మూడు మాటలూ తెలిసే ఉంటాయి, అందుకే నిలదీస్తోంది. వాటి పక్కన మన పొగమంచు, మంచుబొట్టు, మంచుగడ్డ చేర్చండి. కాకర అనగానే మన కూరగాయా, వాళ్ళ పిండివంటా గుర్తొచ్చి నవ్వుకుంటారు, అదీ మంచిదే, మరిచిపోరు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఒడియా పాఠాల్లో ఆవిరి నీరవడాన్ని ఘనీభవన అంటారు, తెలుగు పాఠాల్లో ఘనీభవనం అంటే నీరు గడ్డకట్టడం. రెండు బళ్ళ పుస్తకాలూ ఉన్న ఇంట్లో అక్కాచెల్లెళ్ళు దీని మీద పోట్లాడుకుంటే ఇద్దరూ సరైనవాళ్ళే. ఈ వయసుకు “ఆవిరి నీరయింది” అంటే సరిపోతుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పిల్లలకు అర్థమయ్యే వాడుక మాటలో చదువు ఉండాలని జీవితమంతా వాదించారు, సవర పిల్లల కోసం తానే సవర భాష నేర్చుకున్నారు. మీ సరిహద్దు నేలలో ఆ వాదన కొత్తదేమీ కాదు.

వచ్చే పొగమంచు రోజున అమ్మాయిని నల్ల ఉన్ని శాలువా కప్పి బడిదారిలో నాలుగు అడుగులు నడిపించండి. శాలువా నూగు మీద, కనురెప్పల వెంట్రుకల మీద, కంచెకు కట్టిన సాలెగూటి ప్రతి పోగు మీద ఆవగింజలో సగం ఉన్న బొట్లు గుచ్చినట్టు నిలుస్తాయి. భూతద్దం ఉంటే తీసుకువెళ్ళండి. ఎండ ఎక్కి, ఆ బొట్లు ఆరిపోయే లోపలే బయలుదేరాలి.